నేనిలా ఎప్పుడు ఏడ్చానమ్మా?

మీరు అడిగింది: "మనసు కుంగిపోయిన మనిషి మీద వాస్తవిక కథ రాస్తున్నాను. ఆ బాధ చదివేవాళ్ళకి తగలాలంటే పాత్ర లోపల జరిగేదంతా రాయాలా?"

వద్దు. అలా రాస్తే ఏమవుతుందో నాకు అనుభవమే.

మా అన్నయ్య పోయిన ఏడాదికి నేనొక కథ రాశాను. అందులో తండ్రి, కొడుకు ఫోటో ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తాడు. గుండె పగలడం, గొంతు పూడుకుపోవడం, కళ్ళు చీకట్లు కమ్మడం అన్నీ పెట్టాను. ఏడుస్తూనే రాశాను, అంచేత బాగా వచ్చిందనే అనుకున్నాను. నాన్న చదివి, కాగితాలు మడిచి నా చేతికిచ్చారు. "నేనిలా ఎప్పుడు ఏడ్చానమ్మా?" అన్నారు.

నిజమే. ఆయన ఏడవగా నేను చూడలేదు. చూసింది వేరు. అన్నయ్య పోయిన మూడో వారం, ఓ మధ్యాహ్నం నాన్న కిటికీ దగ్గర అన్నయ్య కళ్ళజోడు ముందేసుకుని కూర్చున్నారు. దాని ఒక కాడ ఎప్పుడూ వదులే. కాస్త బిగించి పెట్టు నాన్నా అని అన్నయ్య ఎన్నిసార్లు అడిగాడో. రేపు చూద్దాంలే అనేవారు ఈయన. ఆవగింజంత స్క్రూ. వేలికొనకి అంటించుకుని రంధ్రం దాకా తెస్తారు, జారిపోతుంది. మోకాళ్ళ మీద వంగి అరచేత్తో నేలంతా తడుముతారు. దొరుకుతుంది. మళ్ళీ మొదలు. నేను పెడతాను ఇవ్వండి అంటే వినలేదు. ఎంతసేపటికో బిగిసింది. కాడని రెండుసార్లు తెరిచి మూశారు. "ఇక ఊడదు" అన్నారు. అద్దాలు తుడిచి, డబ్బాలో పెట్టి, మూత నొక్కి లేచి వెళ్ళిపోయారు.

ఇంత చూసి కూడా నేను ఫోటో ముందు ఏడుపు రాశాను! ఎక్కడో సినిమాల్లో చూసిన ఏడుపు తెచ్చి మా నాన్నకి తొడిగాను.

రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన చిన్న కథ ఒకటుంది. కొడుకు పోయిన గుర్రబ్బండివాడు బండి ఎక్కినవాళ్ళకల్లా ఆ సంగతి చెప్పుకోబోతాడు, ఎవరికీ వినే తీరిక ఉండదు. చివరికి రాత్రి తన గుర్రానికి చెప్పుకుంటాడు. రాసినాయన డాక్టరు, అయినా ఆ బండివాడికి ఏ జబ్బు పేరూ పెట్టలేదు. నాకు ఇన్నేళ్ళుగా గుర్తుండిపోయింది ఆ గుర్రమే.

ఇప్పటి కథల్లో నాకు పడనిది ఇక్కడే. చివరి పేజీలో ఓ సైకియాట్రిస్టు వస్తాడు, డిప్రెషన్ మీద పాఠం చెబుతాడు, పాత్ర నవ్వుతూ బయటికొస్తుంది. వైద్యం వద్దనడం లేదు. నేనూ నెలల తరబడి కౌన్సెలింగుకి వెళ్ళినదాన్నే, నన్ను నిలబెట్టింది అదే. కానీ ఆ గదిలో నాకెవరూ పాఠం చెప్పలేదు. చాలా రోజులు ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్ళం, నేను చేతిసంచి జిప్పు లాగుతూ, మూస్తూ. అమెరికా మనోవైద్యుల సంఘం 2022లో సవరించిన నిర్ధారణ గ్రంథంలో దీర్ఘకాల శోకాన్ని రుగ్మతగా చేర్చింది. పెద్దవాళ్ళ విషయంలో మరణం జరిగి కనీసం 12 నెలలు గడిస్తే గానీ ఆ పేరు పెట్టకూడదని నియమం. డాక్టర్లే ఏడాది ఆగుతుంటే, కథకులు మూడు పేజీలు ఆగలేరా?

ఇంకొకటి, ఆత్మహత్యను కొసమెరుపుగా వాడకండి. అలాంటి కథ ఎంత బాగా రాసినా నేను క్షమించలేను. ఇంట్లో మిగిలిపోయినవాళ్ళు అది చదువుతారు.

మీ పాత్ర చేతులు ఏం చేస్తున్నాయో ముందు చూడండి. లోపల ఏముందో ఆ మనిషికే తెలియనప్పుడు మీకెలా తెలుస్తుంది?

నా కథ మళ్ళీ రాశాను. ఏడుపంతా తీసేసి స్క్రూ ఒక్కటే ఉంచాను. నాన్నకి ఇచ్చి, ఎదురుగా ఉండలేక పక్క గదిలోకి వెళ్ళిపోయాను. చాలాసేపటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, కాగితాలు చేతిలోనే ఉన్నాయి.

"వదులైంది ఎడమ కాడమ్మా. నువ్వు కుడి అని రాశావు."

దిద్దాను.