ఎవరి ఎదుట ఆడుతున్నారు?

అమ్మాయ్,

నీ ‘నైజీరియా నాట్య హేల’ వ్యాసం చదివాను. వాక్యం తడబడకుండా నడుస్తోంది, సంతోషం. కానీ ఓహఫియా యుద్ధనృత్యం దగ్గర ‘వీరులు ఆనంద పరవశులై ఒళ్లు మరిచి చిందులేస్తారు’ అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఆనందమేమిటి? ఓహఫియా ఇగ్బో జాతివాళ్ల ప్రాంతం, నైజీరియాలో ఇప్పటి అబియా రాష్ట్రంలో ఉంది. ఆ ఆటలో ముందు నడిచేవాడు నెత్తిన ఒక పలక మోస్తాడు. దాని మీద తలకాయలుంటాయి. ఇప్పుడు చెక్కవి, ఒకప్పుడు యుద్ధంలో నరికి తెచ్చినవి. తల తెచ్చినవాడికే అప్పట్లో అక్కడ మగాడిగా మర్యాద. పలక మోసేవాడు పళ్ల మధ్య లేత ఆయిల్‌పామ్ ఆకు కరిచి పట్టుకుంటాడు, అంటే నోరు విప్పడు. వాద్యం దెబ్బకి భుజాలూ రొమ్ము కండలూ అదురుతుంటాయి. ఆ బరువు నెత్తిన పెట్టుకున్నవాడికి పరవశించే తీరిక ఎక్కడిది?

నాదొక మొండి పట్టు. నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లందర్నీ దీంతోనే విసిగిస్తుంటాను. నాట్యం గురించి రాసేటప్పుడు ఆడేవాడి మీద విశేషణాలు కుమ్మరించకు. ఎవరి ఎదుట ఆడుతున్నాడో కనిపెట్టు. మెప్పించాల్సింది ఎవర్ని, జడవాల్సింది ఎవరికి అన్నది తెలిస్తే అడుగులు వాటంతటవే కాగితమ్మీదికొస్తాయి.

యొరూబా జాతివాళ్ల ముసుగు నాట్యం గెలెదే గురించి ‘మగవాళ్లు ఆడవేషాలతో కడుపుబ్బ నవ్విస్తారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నవ్వు ఉంది, కాదనను. ముందు రాత్రి ఎఫే వేషగాడు ఊళ్లో వాళ్ల తప్పుల్ని పాటగట్టి బయటపెడతాడు. తెల్లారాక మగవాళ్లు రొమ్ములూ పిరుదులూ కట్టుకుని, చెక్క ముఖాన్ని నడినెత్తిన పెట్టుకుని, కాళ్లకి లోహపు కడియాలతో దిగుతారు. ఇదంతా ఎవరి కోసం? ఊళ్లో పెద్ద ముత్తవ్వల కోసం. వాళ్లకి మేలు చేసే శక్తీ కీడు చేసే శక్తీ రెండూ ఉన్నాయని నమ్మకం. వాళ్ల మనసు చల్లబరచడానికే ఆ ఆట. నీ పేరాలో ఆ అవ్వలు ఒక్కరూ లేరు! యునెస్కో జాబితాలోకి 2008లో ఎక్కిందని మాత్రం రాశావు.

కొత్తలో నేను తప్పెటగుళ్ల మీద ఒక వారపత్రికకి రాశాను. చుట్టూ కూర్చున్న ముసలాళ్లు ఎక్కడ తల ఊపారో, ఎక్కడ మొహం చిట్లించారో అంతా పట్టి రాశాను. ఎడిటరుగారు అదంతా కొట్టేసి ‘కళాకారులు కనువిందు చేశారు’ అని ఒక ముక్క తగిలించి, పెద్ద రంగుల ఫొటో వేశారు. ఫొటోగ్రాఫరుకి నాకంటే ఎక్కువ మనియార్డరు వెళ్లిందని తరవాత తెలిసింది. ఆ ఎడిటరుగారు పోయారు, నా కోపం పోలేదు. ఇప్పటివాళ్లు ‘మట్టి వాసన’ అంటారు. ‘కనువిందు’ మనవడే అది.

యొరూబాల బాతా అనే డోలు వాద్యం దగ్గర నువ్వు కొంచెం నిలబడ్డావు, అది నచ్చింది. ఇంకాస్త నిలబడాల్సింది. యొరూబా భాషలో స్వరం ఎత్తితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థం. అందుకే ఇయా ఇలు అనే పెద్ద వాద్యం ఉరుముల దేవుడు షాంగో బిరుదుల్ని అక్షరాలా పలుకుతుంది, ఆడేవాడు భుజంతో జవాబిస్తాడు. అక్కడ వాద్యమే ఎదుటి మనిషి.

పశువుల కాపరులైన ఫులానీల గెరెవోల్‌ నాట్యాన్ని నైజీరియాకి కట్టబెట్టావు. ఆ ఆట వొడాబే ఫులానీలది, ఎక్కువగా నైజర్ దేశంలో, వానాకాలం చివర జరుగుతుంది. మొహానికి రంగులు పూసుకున్న మగపిల్లలు భుజం భుజం కలిపి వరస కట్టి, మునివేళ్ల మీద లేచి, పళ్లు మెరిపిస్తూ కనుగుడ్లు తిప్పుతుంటారు. ఎంచేది ఆడపిల్లలు. నీ వ్యాసంలో ఎంచే పిల్ల ఏదీ? ఇక షారో పేరా తీసెయ్. అది నాట్యం కాదు, నొప్పి మొహాన కనపడకుండా బెత్తపు దెబ్బలకి నిలబడే పరీక్ష.

కలంపేరు సంగతీ, పుస్తకం వేసుకునే సంగతీ అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేం లేదు. ముందు గెలెదే పేరా తిరగరాసి పంపు, అవ్వల్ని ముందు వరసలో కూర్చోబెట్టి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు