తుంచిన కోడ్ గురించి బుజ్జమ్మకు

నెల్లూరు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం నువ్వు రాసి పంపిన ప్రోగ్రామింగ్ పాఠం పేజీలు రెండుసార్లు చదివాను. వివరణ చక్కగా ఉందమ్మా. కోడ్ ముక్కల దగ్గరే ఆగిపోయాను. ప్రోగ్రామ్ మొత్తం వేయలేం, నాలుగైదు వరుసలే చూపించాలి, నిజమే. కానీ ఎక్కడ తుంచావో చదివేవాళ్లకు కనబడాలి. మూడో పేజీలో ఫ్లవర్ బ్రాకెట్ తెరిచావు, మూసింది ఎక్కడా లేదు. అది నువ్వు వదిలేసిందా, అచ్చులో పోయిందా? కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ట్రంకు రోడ్డులో డీటీపీ చేసే రోజుల్లో ఒక కాలేజీకి సీ భాష ల్యాబ్ మాన్యువల్ వేశాను. పక్కపక్కనుండే రెండు మైనస్ గుర్తులు పేజీలోకి వచ్చేసరికి కలిసిపోయి ఒకే పొడుగు గీత అయ్యాయి. నేను చూసుకోలేదు. తర్వాత ల్యాబుకు వెళ్తే, ముందు బెంచీలో ఒక అమ్మాయి ఆ గీత కింద వేలు పెట్టుకుని, కీబోర్డు మీద అలాంటి మీట కోసం వెతుకుతోంది. తప్పు తనదే అనుకుంటోంది పాపం. ఆ వేలు నాకిప్పటికీ గుర్తే.

అందుకే కోడ్‌ను చేత్తో టైప్ చేయొద్దు. పేజీలు తయారుచేయడానికి మీరు వాడే స్ఫింక్స్‌లో, ఫైలులోని కోడ్‌ను తెచ్చిపెట్టే లిటరల్‌ఇన్‌క్లూడ్ అనే ఆదేశం ఉంది కదా, నడిచే ఫైలులోంచే కావలసిన వరుసలు తెచ్చుకో. ఎడమ పక్క మిగిలే ఖాళీని అందులోని డీడెంట్ ఆప్షన్‌తో తగ్గించు, వరుసలు ఒకదానికంటే ఒకటి లోపలికి జరిగే మెట్లు మాత్రం చెదరనీయకు. ముక్క ఏ ఫైలుదో, ఏ ఫంక్షన్‌లోదో పైన ఒక్క మాట రాయి.

వదిలేసిన చోట మూడు చుక్కలు పెట్టావు. పైథాన్ భాషలో ఆ చుక్కలకు సొంత అర్థం ఉంది. ఉన్నదున్నట్టు టైప్ చేస్తే ఎర్రర్ రాదు, ఆ వరుస ఏమీ చేయకుండా దాటిపోతుంది. చుక్కలు తీసేసి, 'ఫైలు తెరిచే భాగం ఇక్కడ వదిలేశాం' అని కామెంటుగా రాయి.

ఇక కోడ్‌కు వేసే రంగుల సంగతి. పీహెచ్‌పీ భాష ముక్కకు మొదట ఉండే <?php ట్యాగ్ లేకపోతే, రంగులు వేసే పిగ్మెంట్స్ దాన్ని కోడ్‌గా గుర్తించదు. స్టార్ట్‌ఇన్‌లైన్ ఆప్షన్ పెడితే సరిపోతుంది.

ఈ ఇబ్బంది నీ ఒక్కదానిదే కాదు. డొనాల్డ్ క్నూత్ అనే పేరున్న కంప్యూటర్ శాస్త్రవేత్త, సిల్వియో లెవీ కలిసి చేసిన సీవెబ్‌లో, అంటే ప్రోగ్రామునూ దాని వివరణనూ కలిపి రాసే సాధనంలో, అచ్చులో కనబడని సెమికోలన్ ఒకటి ఉంది. వాక్యం అక్కడ ముగిసినట్టు లెక్కేసి ముక్కను సరిగ్గా పేర్చడానికే అది. అంత పెద్దవాళ్లు ఇంత చిన్నదాని గురించి ఆలోచించారంటే నాకెంతో ముచ్చటేసింది.

మూడో పేజీ సరిచేసి పంపు. ఈసారి నేనే టైప్ చేసి నడిపి చూస్తాను.

మీ పెదనాన్న