మీ నాన్న కెమెరాకి బ్యాటరీ

విజయనగరం

చిరంజీవి చిన్నాకు అత్త ఆశీస్సులు.

మీ నాన్న మినోల్టా ఎస్‌ఆర్‌టీ 101 కెమెరాని బీరువాలోంచి తీశావని, ఈ ఏడు పైడితల్లి అమ్మవారి పండగలో సిరిమానుని దానితోనే తీస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు పాప సంగతి. ఇంట్లో ఏడాదిన్నర పిల్ల తిరుగుతోంది. బటన్ బ్యాటరీ దాని కంటికి చాక్లెట్ బిళ్లలా మెరుస్తుంది. గొంతులో ఇరుక్కుందంటే లోపల కాల్చేస్తుంది, కొన్ని రకాలైతే రెండు గంటల్లోనే. మింగిందేమోనని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకు, కాసేపు చూద్దాం అనుకోకు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించు. కెమెరా పని పాప పడుకున్నాకే పెట్టుకో. బల్ల మీద స్టీలు పళ్లెం వేసుకుని అందులోనే చెయ్యి.

అడుగున గుండ్రటి మూత ఉంటుంది, రూపాయి బిళ్లతో తిరుగుతుంది. లోపల పాత బ్యాటరీ ఉంటే అది పాదరసంది. చెత్తలో పడెయ్యకు, మంటలో అసలే వద్దు. చిన్న సీసాలో వేసి మూత పెట్టి నాకివ్వు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే ఇయర్‌బడ్‌కి కాస్త వెనిగర్ అద్ది తుడిచి ఆరనివ్వు.

ఇప్పుడు అసలు విషయం. ఆ కెమెరా 1966 నాటి మోడల్. వెలుగుని కొలిచే దాని మీటర్ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసమే తయారుచేశారు. ఆ బ్యాటరీ చివరిదాకా ఒకే వోల్టేజీ ఇస్తుంది కాబట్టి, హెచ్చుతగ్గుల్ని సరిచేసే ఏర్పాటేదీ లోపల పెట్టలేదు. పాదరసం విషమని 1990ల్లో ఒక్కో దేశం వాటిని ఆపేస్తూ వచ్చింది. కొట్లలో దొరకడం మానేశాయి.

1998లో మాకు జరిగింది అదే. పండగ ముందురోజు బ్యాటరీ అయిపోయింది. మీ నాన్నకి డ్యూటీ, నేనే బజారుకి వెళ్లాను. ఒక కొట్టతను అచ్చం అదే సైజుది తీసి ఇచ్చాడు. మూత చక్కగా పట్టింది. అది 1.5 వోల్టుల ఆల్కలైన్ అని దాని మీదే రాసి ఉంది, నేను చదివాను కూడా. పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని, అయినా 0.15 వోల్టు ఏం చేస్తుందిలే అనుకున్నాను. స్విచ్చిని బ్యాటరీ చెక్ మీద పెట్టి చూస్తే సూది చదరం గుర్తు దగ్గర ఆగకుండా దాటిపోయింది. కొత్త బ్యాటరీ కదా, మంచి బలంగా ఉందని సంబరపడ్డాను. ఆ దాటడమే నాకు హెచ్చరిక అని తెలుసుకోలేదు.

మర్నాడు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల, వాటి వెనక సిరిమాను. మాను చివర పూజారి గారు, కింద నుంచి అరటిపళ్లు విసిరే జనం, వెనకంతా తెల్లటి ఆకాశం. ఆకాశం ఎదురుగా ఉంటే మంచి మీటరే మోసపోతుంది. నాది అప్పటికే ఉన్న వెలుగుని ఎక్కువ చేసి చూపిస్తోంది. అది చెప్పినట్టల్లా నేను అపర్చర్, అదే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, మూసుకుంటూ పోయాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర మీ నానమ్మని నిలబెట్టి, పక్కన మీ నాన్నని నిలబెట్టి రెండు ఫ్రేములు తీశాను. ఆవిడ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది, నుదుటిన అమ్మవారి కుంకుమ.

రీలు కడిగించాం. అంతా అండర్, వెలుగు చాలలేదు. మీ నాన్న నెగెటివ్‌ని కిటికీకి అడ్డం పెట్టి చూశాడు. అమ్మ ముఖం ఉండాల్సిన చోట ఫిల్మ్ అద్దంలా తేటగా ఉంది. అన్నయ్య ఒక్క మాట అనలేదు. మడత పడకుండా కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. తర్వాతి ఏడు అమ్మ మోకాళ్లు కదలనివ్వలేదు, మళ్లీ పండగకి రాలేదు. ఆ కవరు ఇంకా ఆ బీరువాలోనే ఉండి ఉంటుంది, కనిపిస్తే పారెయ్యకు నాన్నా.

అందుకని అదే సైజుది దొరికిందని ఎవరైనా ఆల్కలైన్ చేతిలో పెడితే తీసుకోకు. అది పోనుపోను వోల్టేజీ తగ్గుతుంది, ఈ వారం ఒక రీడింగు, వచ్చే వారం ఇంకొకటి. కెమెరా మీద ఫిల్మ్ స్పీడు అంకె మార్చి సర్దుకోవచ్చని కొందరంటారు. ఎండలో వచ్చే తేడా, నీడలో వచ్చే తేడా ఒకటి కాదు, ఎంతని సర్దుతావు? పెంటాక్స్ కే1000 కెమెరా ఉన్నవాళ్లు మామూలు ఎల్‌ఆర్44 చాలంటారు. వాళ్ల సర్క్యూట్ వేరు, వాళ్లకి చాలు.

నీకు కావలసింది చెవి మిషన్ బ్యాటరీ, 675 సైజు, నీలం స్టిక్కరుది. 1.4 వోల్టులు, దాదాపు చివరిదాకా నిలకడగా ఇస్తుంది. స్టిక్కరు పీకితే సన్నటి రంధ్రాల్లోంచి గాలి పీల్చుకుని పని మొదలెడుతుంది. పీకి అయిదు నిమిషాలు పక్కన పెట్టి, తర్వాత వెయ్యి. ఒకసారి పీకాక నెలో రెండు నెలలో, అంతే. మళ్లీ స్టిక్కరు అంటించినా పెద్దగా ఆగదు. కాబట్టి పండగకి వేసేదాన్ని ఆ పొద్దున్నే పీకు. ఇది 11.6 మిల్లీమీటర్లే, గూడు అంతకన్నా వెడల్పు, కదలకుండా చుట్టూ రబ్బరు వాషరు పెట్టు. వోల్టేజీని తగ్గించే డయోడ్ ఉన్న అడాప్టర్లో సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ వేసుకునే పద్ధతి కూడా ఉంది, బాగానే పనిచేస్తుంది కానీ ఖరీదు.

ముందే ఒక రీలు ట్రయల్ వెయ్యి. మేడ మీద ఎండలో గోడని, తర్వాత వరండా నీడని, ఫోన్లో మీటర్ యాప్‌తో పోల్చి చూడు. రెండు చోట్లా కలవాలి. ఆ రోజు మీటర్ మొరాయించినా కంగారు పడకు, షట్టర్‌కి బ్యాటరీతో పని లేదు. 400 రీలైతే మంచి ఎండలో అపర్చర్ ఎఫ్ 16, షట్టర్ 500. మబ్బు పడితే అపర్చర్ 8, నీడలో 4. పూజారి గారిని తీసేటప్పుడు ఆకాశాన్ని కొలవకు, జనం ముఖాల్ని కొలువు.

పండగ అయ్యాక బ్యాటరీ తీసి మరీ బీరువాలో పెట్టు.

బ్యాటరీ కోసం శ్రీకాకుళమంతా తిరగొద్దు. నా చెవి మిషన్‌కి వాడేదీ 675యే. ఆదివారం మీ అమ్మ ఇక్కడికి వస్తానంది, ఒక అట్ట ఇచ్చి పంపుతాను. అందులో ఆరు ఉంటాయి. చేతికందగానే లెక్కపెట్టి, పాపకి అందని చోట పెట్టి, ఆరూ ఉన్నాయని నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త