బండి సందేహాలు – జవాబులు

ప్రశ్న: నో పార్కింగ్ బోర్డు దగ్గర కారు ఆపి, ఇంజిన్ ఆపకుండా సీట్లోనే కూర్చున్నాను. నాలుగు ఇండికేటర్లూ వేసే ఉన్నాయి. అయినా చలానా రాశారు. దిగకుండా కూర్చుంటే పార్కింగ్ ఎలా అవుతుంది?

జవాబు: అవుతుంది. మీరు సీట్లో ఉన్నారా, ఇంజిన్ నడుస్తోందా అన్నది కాదు, బండి ఎందుకు, ఎంతసేపు ఆగిందన్నదే లెక్క. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ఈ తేడా స్పష్టంగానే చెప్పింది. మనుషులు ఎక్కి దిగడానికో, సరుకు దించడానికో పట్టేంతసేపు నిలిస్తే ‘ఆగడం’. అంతకు మించితే పార్కింగే. ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చోవడం రెండోదాని కిందికే వస్తుంది. నాలుగు ఇండికేటర్లు అపాయం చెప్పడానికి ఉన్నవి, పార్కింగ్ పర్మిట్ కావు.

బోర్డు కూడా మరోసారి చూడండి. ఎర్ర అంచున్న నీలం వృత్తంలో ఏటవాలుగా ఒకే ఎర్ర గీత ఉంటే మనిషిని దించి వెళ్లిపోవచ్చు. గీతలు రెండై ఇంటూ మార్కులా ఉంటే ఆ పని కూడా కుదరదు.

ప్రశ్న: చలానా తప్పుగా పడిందనిపిస్తే ముందు కట్టేసి, తర్వాత అడగొచ్చా?

జవాబు: కట్టకండి. చాలాచోట్ల డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. గడువు లోపు అభ్యంతరం పెట్టండి. ముందు బండి నంబరు, తేదీ, సమయం, స్థలం సరిచూడండి. కెమెరా చలానాల్లో 8ని ‘బి’గా చదవడం లాంటి పొరపాట్లు జరుగుతాయి. బోర్డు కొమ్మల చాటున ఉందనేది మీ వాదన అయితే, కారు కదిలించకముందే ఫొటో తీయాలి. అదీ బోర్డు దగ్గరికెళ్లి కాదు. మీరు బండి నడుపుతూ వచ్చిన దిక్కు నుంచి, బోర్డు ఉన్న చోటూ మీ నంబరు ప్లేటూ ఒకే ఫొటోలో పడేలా తీయండి.

ప్రశ్న: ఆటోమేటిక్ కారు. ఏటవాలులో నిలిపి, మళ్లీ ‘పి’ నుంచి తీసేటప్పుడు టక్కుమని గట్టిగా చప్పుడొస్తోంది. గేర్‌బాక్సు పోయిందా?

జవాబు: పోలేదు, కానీ దాన్ని రోజూ ఇబ్బంది పెడుతున్నారు. ‘పి’లో పెడితే లోపల ఓ చిన్న ఉక్కు కొక్కెం పళ్లచక్రం సందులో పడుతుంది. హ్యాండ్‌బ్రేకు వేయకుండా బ్రేకు మీద కాలు తీస్తే కారు బరువంతా ఆ కొక్కెం మీదే వాలుతుంది. తర్వాత గేరు మార్చినప్పుడు అది అంత బరువు కింద నుంచి ఊడి రావాలి. ఆ చప్పుడు అదే.

బ్రేకు తొక్కి ఆపండి, న్యూట్రల్‌కి తెచ్చి హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగండి. కాలు మెల్లగా వదిలితే కారు కాస్త జారి హ్యాండ్‌బ్రేకు మీద నిలబడుతుంది. అప్పుడు మళ్లీ బ్రేకు తొక్కి ‘పి’లో పెట్టండి. మాన్యువల్ కారైతే ఎగువకు ముఖం ఉన్నప్పుడు ఫస్ట్ గేరు, దిగువకైతే రివర్స్.

స్టీరింగ్ సంగతి చాలామంది మరిచిపోతారు. దిగువకు నిలిపితే ముందు చక్రాలు రోడ్డు అంచు వైపు తిప్పాలి. ఎగువకు నిలిపినప్పుడు పక్కన ఫుట్‌పాత్ గట్టు ఉంటే రోడ్డు మధ్య వైపు తిప్పాలి. జారినా చక్రం వెనక భాగం గట్టుకు తగిలి ఆగిపోతుంది. గట్టు లేకపోతే అంచు వైపే.

ప్రశ్న: మూడు వారాలు కదపకపోతే బ్యాటరీ డౌన్ అయింది. కొత్తదే. లోపమా?

జవాబు: లోపమే అనక్కర్లేదు. తాళం వేసినా అలారం, రిమోట్ రిసీవర్ లాంటివి కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీయాంపులే అనుకున్నా రోజుకు 1.2 యాంపియర్ అవర్లు. 21 రోజులకు 25 దాటుతుంది, అంటే 45 యాంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైనే. మల్టీమీటర్ పెట్టి చూడండి. కొన్ని గంటలు కదలని కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి పడితే సగమైనట్టు.

జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేసేటప్పుడు నల్ల తీగ చివరి కొసను డౌన్ అయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని లోహానికి తగిలించండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, నిప్పురవ్వ దాని పక్కన పడకూడదు.