గ్రాంట్ల ఆఫీసులో చేరబోతున్న చిన్నికి

చిన్నీ,

యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీసులో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. గ్రాంట్ల నిబంధనలు మారినప్పుడల్లా పరిశోధకులకు తెలియజెయ్యడం నీ పని అట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇరవై ఎనిమిదేళ్లు నేను చేసిన పని అది. మన ఇంట్లోంచి ఇంకొకరు అందులోకి వెళతారని ఏనాడూ అనుకోలేదు. కళ్లు చెమర్చాయి. అంతలోనే మీ అమ్మ చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చి గుండె గుభేలుమంది. "అందులో కష్టమేముందమ్మా, రూల్ మారితే అందరికీ ఒక మెయిల్ పెట్టడమే కదా" అన్నావట.

ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను, ఇవి ఎవరైనా చెప్పేవే. నిధులిచ్చే సంస్థలు పంపే నోటీసులు నేరుగా నీకే వచ్చేలా పేరు నమోదు చేసుకో. గడువులన్నీ ఒకే క్యాలెండర్‌లో పెట్టు. శాంక్షన్ ఆర్డర్‌ను చివరి అనుబంధం దాకా చదువు, అసలు షరతులు అక్కడే ఉంటాయి. ఫోన్‌లో ఎవరో "పర్లేదులెండి" అంటే దాన్ని అనుమతి అనుకోకు, రాతలో తెప్పించుకో. అంతే.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నేను చేరిన ఏడో ఏడు. నిధులిచ్చే ఒక సంస్థ తన షరతులు మార్చింది. అప్పటివరకు మనుషుల మీద చేసే అధ్యయనాలకు, పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే మన ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. మధ్యలో ఇంకో ఆసుపత్రిలో కూడా నమూనాలు తియ్యాల్సివస్తే, అక్కడి కమిటీ కాగితం తర్వాత పంపినా సరిపోయేది. కొత్త షరతు ప్రకారం ఆ రెండో చోటి అనుమతి చేతికి వచ్చాకే అక్కడ మొదటి నమూనా తియ్యాలి, మొదటి రూపాయి ఖర్చు పెట్టాలి. ఈ మార్పు 43 పేజీల పత్రంలో 31వ పేజీలో, నాలుగు లైన్లలో ఉంది.

నేను చదివాను. అర్థమైంది కూడా. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే ముందు "సవరించిన మార్గదర్శకాలు, సమాచారం నిమిత్తం" అని సబ్జెక్ట్ పెట్టి, 43 పేజీలూ జతచేసి, ఆరు వందల మందికి ఒకేసారి పంపేశాను. రిజిస్టర్‌లో తేదీ వేసి, పక్కన నీలం ఇంకుతో టిక్కు పెట్టాను. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను.

నాలుగు నెలలకు ఒక మేడమ్ మా ఆఫీసుకు వచ్చింది. గర్భిణుల్లో రక్తహీనత మీద పనిచేసేది. ఎంత జాగ్రత్త మనిషంటే, ఆమె ఫైలు తిప్పి పంపాల్సిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు. అదే సంస్థ ఇచ్చిన ఇంకో ప్రాజెక్ట్‌ను అంతకుముందే చక్కగా పూర్తిచేసింది కూడా. మధ్యంతర నివేదిక పంపే ముందు ఒకసారి చూడమని తెచ్చింది. రెండో పేజీలో రెండో ఆసుపత్రి పేరు కనిపించింది. "ఇక్కడి కమిటీ అనుమతి ఎప్పుడొచ్చింది మేడమ్?" అని అడిగాను. "వచ్చే వారం వచ్చేస్తుంది. పోయినసారీ ఇలాగే చేశాం కదా" అంది మామూలుగా.

అప్పటికే అక్కడ రెండు వందల మందికి పైగా రక్తం తీశారు.

ఆ నమూనాలు వాడడానికి వీల్లేదన్నారు. అక్కడ పెట్టిన ఖర్చు ఒప్పుకోలేదు. డబ్బు యూనివర్సిటీ కట్టింది, ఆ బాధ అంతటితో తీరింది. కానీ అక్కడ పనిచేసిన ఫీల్డ్ అసిస్టెంట్ జీతం కూడా ఆ ఖర్చులోదే. ఆ పోస్టు ఆగిపోయింది. అతను నమూనాలు అప్పగించడానికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ప్రతి ట్యూబు మీదా తన చేతిరాతతో నంబరు, తేదీ. తడికి అక్షరాలు చెరిగిపోకుండా ఒక్కోదాని మీదా సన్నగా టేపు అంటించాడు. ఒక్కో స్టాండూ బల్ల మీద పెట్టి, లెక్క చదివి, సంతకం తీసుకున్నాడు. అంతా అయ్యాక నా వైపు తిరిగి "మేడమ్, ఇందులో నేను చేసిన తప్పేమైనా ఉందా?" అని అడిగాడు. లేదు బాబూ అన్నాను. ఆ తర్వాత నాకు మాట రాలేదు.

ఆ రక్తం ఇచ్చిన ఆడవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నెలలు నిండుతున్న పొట్టలతో క్యూలో నిలబడి, మనకేదో మేలు జరుగుతుందని నమ్మి చెయ్యి చాపారు. దాన్ని మనం పారబోశాం.

విచారణ మీటింగ్‌లో నేనేం చేశానో తెలుసా? రిజిస్టర్ తెరిచి ఆ నీలం టిక్కు చూపించాను. "ఫలానా తేదీన అందరికీ తెలియజేశాం" అన్నాను. అందరూ తలూపారు. నా మీద మాట రాలేదు. మేడమ్ నా వైపు చూసింది. కోపంగా కూడా కాదు. "వాళ్లు పంపారు, నిజమే. నేనే తెరవలేదు" అంది. ఆ నాలుగు లైన్లు విడిగా రాసి ఆమెకొక్కదానికే పంపి ఉంటే ఆమె తెరిచేది. అది నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. మెయిల్ అలా పంపడం కంటే, ఆ రోజు రిజిస్టర్ చూపించి చేతులు దులుపుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చాలా రోజులు ఆలోచించాక ఒక సంగతి అర్థమైంది. ఆమె నిబంధన మీరలేదు చిన్నీ. పాత నిబంధనను అక్షరం పొల్లుపోకుండా పాటించింది. కొత్తగా ప్రాజెక్ట్ వచ్చినవాళ్లు భయంతో ప్రతిదీ అడుగుతారు. వాళ్ల గురించి నాకు అంత బెంగ లేదు. పదేళ్లుగా ప్రాజెక్టులు నడుపుతున్నవాళ్లు అడగరు, ఎందుకంటే వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలిసింది పాతబడిపోయిందని ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. అది నీ పని. అందుకే మెయిల్ పెట్టడమే కదా అన్నావని వినగానే నాకు కోపం వచ్చింది. నీ మీద కాదులే, అదే మాట అనుకున్న ఆనాటి నా మీద.

ఆ తర్వాత నేను ఒక పట్టిక తయారుచేసుకున్నాను. వరసకో ప్రాజెక్ట్. ఎవరి డబ్బు, ఏ తేదీన మంజూరైంది, ఏ ఏటి షరతులు దానికి వర్తిస్తాయి, ఆ ల్యాబ్‌లో తర్వాత జరగబోయేది ఏమిటి: కొనుగోలా, నియామకమా, విదేశీ ప్రయాణమా, కొత్త చోట నమూనాలా. నిబంధన మారిందని తెలియగానే ముందు ఈ పట్టిక తీసేదాన్ని. ఆరు వందల మందిలో ఆ మార్పు నిజంగా తగిలేది ఏ పదకొండు మందికో అని వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఆ పదకొండు మందికీ పేరు పేరునా చెప్పేదాన్ని.

తేదీలు ఎందుకంటే, నిబంధన అందరికీ ఒకే రోజు మారదు. అమెరికాలో ఫెడరల్ గ్రాంట్లకు యూనిఫామ్ గైడెన్స్ అనే నిబంధనావళి ఉంది. దాని సవరణ 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక వస్తువును పరికరంగా లెక్కగట్టే హద్దు 5,000 డాలర్ల నుంచి 10,000 డాలర్లకు పెరిగింది. వినడానికి ఎంత తేలికో చూడు. కానీ అంతకుముందు మంజూరైన గ్రాంట్ పాత షరతుల మీదే నడుస్తూ ఉండవచ్చు. అప్పుడు ఒకే ల్యాబ్‌లో ఒకే బల్ల మీదున్న 7,000 డాలర్ల యంత్రం ఒక గ్రాంట్ లెక్కలో పరికరం, ఇంకో గ్రాంట్ లెక్కలో మామూలు సామగ్రి. "హద్దు పెరిగింది" అని అందరికీ ఒకే మాట చెప్పావనుకో, సగం మందికి తప్పు చెప్పినట్టే.

మన దేశంలోనూ అంతే. 2025 జూన్‌లో పరిశోధన సంస్థలకు కొనుగోలు నిబంధనలు సడలించి, కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు. అలాంటి వార్త పేపర్లో రెండు ముక్కల్లో వచ్చి గంటలో అందరికీ చేరిపోతుంది. ఏ సంస్థలకు వర్తిస్తుంది, ఎలాంటి కొనుగోళ్లకు, సంతకం ఎవరిది అన్నవి మాత్రం చేరవు. అలా సగం తెలిసినవాళ్లను వెతికి పట్టుకో. యూసీ, అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం, దాని సంగతీ చూడు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనావళి జీఎఫ్ఆర్ 2017 ప్రకారం దాన్ని పంపడానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల గడువుంది కదా అని అందరూ నిమ్మళంగా ఉంటారు. తర్వాతి విడత డబ్బు మాత్రం యూసీ వెళ్లేదాకా ఆగిపోతుంది. ఈలోగా జీతం లేకుండా కూర్చునేది ఆ ప్రాజెక్ట్‌లో ఉన్న పిల్లలు. నిబంధన చెప్పేటప్పుడు గడువొక్కటే చెప్పకు, ఆలస్యమైతే ఎవరి జీతం ఆగుతుందో కూడా చెప్పు.

ఇంకోటి, చాలా ముందుగా చెప్పిన మాట నిలవదు. అమెరికాలో వైద్య పరిశోధనలకు నిధులిచ్చే ఎన్ఐహెచ్ సంస్థ, పరిశోధకులు తమ డేటాను ఎలా భద్రపరుస్తారో, ఎలా పంచుకుంటారో ప్రణాళిక రాసివ్వాలన్న విధానాన్ని 2020లో ప్రకటించి, 2023 జనవరి 25 నుంచి అమలు చేసింది. మధ్యలో రెండేళ్లకు పైనే. ప్రకటించిన రోజు చెబితే అమలయ్యే రోజుకు ఎవరికి గుర్తుంటుంది? ఒకసారి ముందు చెప్పు. దరఖాస్తు రాయడానికి కూర్చున్నప్పుడు మళ్లీ చెప్పు. కొనేవాళ్లకు ఇండెంట్, అంటే కొనుగోలు కోరే ఫారం, పెట్టేటప్పుడు, నమూనాలు తీసేవాళ్లకు కొత్త చోటికి వెళ్లే ముందు. విసుక్కుంటారు. విసుక్కోనీ.

రాసేటప్పుడు ఒక మెయిల్‌లో ఒకే సంగతి రాయి. ఏం మారింది, ఎవరికి, ఎప్పటి నుంచి, ఏ పని చేసే ముందు ఏం చెయ్యాలి. పూర్తి పత్రం కింద జతచెయ్యి, కానీ పేజీ నంబరు నువ్వే చెప్పు. సబ్జెక్ట్ లైన్‌లోనే అసలు విషయం ఉండాలి: "రెండో ఆసుపత్రిలో నమూనాలు తీసే ముందు అక్కడి ఎథిక్స్ అనుమతి చేతిలో ఉండాలి." ఆనాడు నేను ఇలా రాసి ఉండాల్సింది.

ప్రొఫెసర్‌కు చెబితే ల్యాబ్‌కు చెప్పినట్టు కాదు. ఇండెంట్ నింపేది, బిల్లులు అతికించేది, సమ్మతి పత్రాలు ప్రింట్ తీసేది కుర్ర రీసెర్చ్ స్కాలర్లు, ప్రాజెక్ట్ అసిస్టెంట్లు. వాళ్ల కంప్యూటర్లలో మూడేళ్ల నాటి ఫారాలు ఉంటాయి. నువ్వు వెబ్‌సైట్‌లో కొత్తది పెట్టినా అవి అలాగే నడుస్తుంటాయి. అందుకని వెళ్లు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చో. "ఏ ఫారం వాడుతున్నావమ్మా, చూపించు" అని అడుగు. పాతదాన్ని వాళ్ల చేతే తీయించు.

వాళ్లను భయపెట్టకు. ఇది నీకు మరీ మరీ చెబుతున్నాను, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ నీకు తప్పు కనిపిస్తే గొంతు పెరుగుతుంది. ఆడిట్, రికవరీ, చర్య అంటూ బెదిరిస్తే వచ్చి చెప్పేవాళ్లు రావడం మానేస్తారు. దాచుకుంటారు. ఆ మేడమ్ నివేదిక పంపకముందే నా దగ్గరికి వచ్చింది కాబట్టే మనమే ముందుగా నిధులిచ్చిన సంస్థకు తెలియజెయ్యగలిగాం, ప్రాజెక్ట్ మిగతా భాగమైనా నిలిచింది. తప్పు జరిగిందని ఎవరైనా నీ ముందు నిలబడితే ముందు కూర్చోబెట్టు, మంచినీళ్లివ్వు, ఫైలు తర్వాత తెరువు.

మనుషుల మీద చేసే వైద్య పరిశోధనల్లో పాటించాల్సిన నీతి సూత్రాలతో 1964లో రాసుకున్న హెల్సింకి ప్రకటనను 2024లో సవరించారు. పరిశోధనకు లోబడే మనుషులు అనే అర్థమున్న పాత మాట తీసేసి, అందులో పాల్గొనేవాళ్లు అని మార్చారు. ఆ సంగతి చదివిన రోజు నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. ఆ క్యూలో నిలబడ్డ ఆడవాళ్లే కళ్ల ముందు మెదిలారు. ఇలాంటివి వచ్చినప్పుడు ఫలానా క్లాజు మారిందని చెప్పి ఊరుకోకు, ఎందుకు మారిందో రెండు వాక్యాలు రాయి. కారణం తెలిస్తే మాట గుర్తుంటుంది.

దరఖాస్తుల గడువు రోజుల్లో అర్ధరాత్రి దాకా ఆఫీసులో కూర్చోబెడతారు. తినకుండా ఉండకు. నీకు సందేహం ఉన్నచోట "కనుక్కుని చెబుతాను" అను, నామోషీ పడకు. నీకు బుర్ర ఉంది, ఓపిక కూడా ఉంది. పరీక్షలప్పుడు పక్కింటి పిల్లకు ఒకే లెక్క నాలుగు రకాలుగా చెప్పడం నేను చూశాను. ఈ పనికి కావాల్సింది అదే. అందుకే ఇంత భయంలోనూ సంతోషంగా ఉంది తల్లీ.

నా పట్టిక ఉన్న నోట్‌బుక్కు మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. అందులో నిబంధనలన్నీ పాతవే, వాటిని నమ్మకు. గళ్లు మాత్రం చూసుకో. సోమవారం చేరగానే మనుషుల మీద పరిశోధన చేస్తున్న ప్రాజెక్టులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని రెండో చోట కూడా నడుస్తున్నాయో కనుక్కో. సాయంత్రం ఫోన్ చేసి నాకు ఆ లెక్క చెప్పు.

నీ పెద్దమ్మ