చిట్టి డబ్బు సోలార్‌కు ఇచ్చొచ్చారు.. ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. మా ఆయన ప్రభుత్వ టీచర్. నేను ఇంట్లో బట్టలు కుడతాను. కుట్టు డబ్బులతో కట్టుకుంటూ వచ్చిన చిట్టి ఈ మధ్యే ఎత్తాను, లక్షా ఎనభై వేలు వచ్చాయి. పాప ఇంటర్ ఫీజు కోసమని దాచాను. మా ఆయన నాతో మాటైనా అనకుండా అందులోంచి 20 వేలు తీసి సోలార్ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చొచ్చారు. 3 కిలోవాట్లకు 2 లక్షల 10 వేలట, కేంద్రం ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద సబ్సిడీ 78 వేలు వెనక్కి వస్తుందట. ఇదేంటని అడిగితే ‘కరెంటు సంగతులు నీకేం తెలుసు’ అన్నారు. ఇల్లు, మీటరు ఇంకా చనిపోయిన మా మామయ్య పేరు మీదే ఉన్నాయి. మరిది హైదరాబాద్‌లో ఉంటాడు, పంపకాలు కాలేదు. వారం దాటింది మా మధ్య మాటల్లేక. ‘మీ డాడీకి అన్నం పెట్టానని చెప్పు’ అని పాపతోనే చెప్పిస్తున్నాను. నేను మొండికేస్తున్నానా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ పిల్లతో కబుర్లు పంపడం ఈ రోజే ఆపేయండి. టెన్త్ అయిపోయి, ఏ కాలేజీలో చేరాలా అని తన టెన్షన్‌లో తానుంది. గొడవంతా తన ఫీజు డబ్బు గురించేనని దానికి అర్థం కాదనుకుంటున్నారా?

ఇక మీ ప్రశ్న. డబ్బు విషయంలో మీది మొండితనం కాదు. మిషన్ మీద కూర్చుని నడుం నొప్పి పెట్టుకుని కట్టిన చిట్టి అది. అందులోంచి అడగకుండా తీయడం తప్పు. ఆ మాట మీ ఆయనకు నేరుగా చెప్పండి, అత్తమ్మ ముందో, పిల్ల ముందో కాకుండా ఇద్దరే ఉన్నప్పుడు. ‘సోలార్ వద్దు’ అని మొదలుపెట్టకండి. ‘నన్ను అడగకుండా నా డబ్బు తీశారు’ అనండి. మొదటి మాట అంటే ఆయన ప్యానెళ్ల గురించి వాదిస్తారు, అసలు సంగతి పక్కకు పోతుంది.

ఆ కోపం మీద సోలారే దండగ అని తేల్చేయకండి. తెల్ల రేషన్ కార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు గృహజ్యోతి కింద బిల్లే రాదు, వాళ్లకు ప్యానెళ్లతో పెద్ద పని లేదు. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి మీకా సౌకర్యం లేదు. ఏసీ నడిచే నెలల్లో మీకు నొప్పి తెలిసే ఉంటుంది. 200 దాటిన యూనిట్‌కు 7.70 రూపాయలు, 300 దాటితే 9 రూపాయలు. అలా 420 యూనిట్లు కాలితే బిల్లు మూడు వేలు అవుతుంది. అదే చలికాలంలో 160 కాలితే ఏడు వందలతో పోతుంది.

అందుకే ఒక సాయంత్రం గడిచిన పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి. రూపాయలు వదిలేసి యూనిట్లు కూడండి. కూడేది మీరే అయితే ఇంకా మంచిది, ‘నీకేం తెలుసు’ అన్న మాటకు అంతకు మించిన జవాబు లేదు. ఒక కిలోవాట్‌కు నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి. ఏడాది మొత్తం మీ వాడకం 3 వేల యూనిట్ల దగ్గర ఉంటే 2 కిలోవాట్లు సరిపోతాయి. దానికి సబ్సిడీ 60 వేలు. మూడోదానికి అదనంగా వచ్చేది 18 వేలే, మీరు పెట్టేది అంతకు చాలా ఎక్కువ. వాడగా మిగిలి లైన్‌లోకి పోయే కరెంటుకు మనకొచ్చే రేటు మనం కొనే రేటు కంటే తక్కువే. అమ్మేవాళ్లు 78 వేల అంకె చూపించి 3 కిలోవాట్లు అంటగడతారు, చాలామంది ఆ అంకె దగ్గరే పడిపోతారు. పైగా ఆ సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మనం తీసుకున్న కరెంటు, లైన్‌లోకి పంపిన కరెంటు రెండూ లెక్కించే మీటరు) పెట్టాక ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం డబ్బు మన చేతిదే.

కరెంటు పోయినా మీ మిషన్ ఆగదని ఆయన ఊరించి ఉంటే ఆ ఆశ వదులుకోండి. బ్యాటరీ లేని సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని అలా పెట్టారు.

మీ ఊళ్లో ఇంకోటి ఉంది, రైస్ మిల్లుల బూడిద. దండెం మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగులోకి వస్తుందో మీకు తెలుసు. ప్యానెళ్ల మీదా అదే పేరుకుంటుంది, పేరుకున్న కొద్దీ కరెంటు తగ్గుతుంది. నీళ్లు పట్టుకెళ్లి ఎవరు కడగాలి? ఆదివారం పొద్దున ఆయనే కడుగుతారని ముందే ఒప్పించుకోండి. లేకపోతే అది కూడా మీ నెత్తినే పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇల్లు, మీటరు గురించి మీరు రాసిన మాటలో ఉంది. మీటరు ఎవరి పేరు మీద ఉంటే దరఖాస్తు వాళ్ల పేరుతోనే పెట్టాలి. చనిపోయిన మామయ్య పేరుతో ఎలా పెడతారు? ముందు మీటరు పేరు మార్చుకోవాలి, దానికి మీ అత్తమ్మ, మరిది ఒప్పుకోవాలి. పంపకాలు కాని డాబా మీద ఇంత ఖర్చు పెట్టాక, రేపు మరిది పైన ఇల్లు వేసుకుంటానంటే ప్యానెళ్లు ఎక్కడికి పోతాయి? ఈ మాట తమ్ముడితో ఎత్తడం ఇష్టం లేకే మీ ఆయన గబగబా అడ్వాన్స్ ఇచ్చి వచ్చారేమో అని నాకో అనుమానం. అన్నదమ్ముల మాట వాళ్లే మాట్లాడుకోవాలి. మీరు మధ్యలోకి వెళ్లి చెడ్డవాళ్లు కాకండి, కానీ అది తేలేదాకా ఒక్క రూపాయి కదలనివ్వకండి.

ఇప్పటికి చేయాల్సింది ఇది. పాప ఫీజు ముందు కట్టేయండి. పేరు మార్పు అయ్యాక ఇద్దరికీ సోలార్ కావాలనే అనిపిస్తే, ఈ పథకానికి తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి బ్యాంకు లోన్ ఉంది, ఆయన జీతంలోంచి కట్టుకోవచ్చు. ఆ 20 వేలకు రశీదు ఉందో లేదో చూడండి. ఉంటే ఇద్దరూ కలిసే వెళ్లి, మీటరు పేరు మారేదాకా పని ఆపమని, లేదంటే అడ్వాన్స్ తిరిగివ్వమని అడగండి. ‘ఆఫర్ ఈ ఆదివారంతో అయిపోతుంది’ అంటారు, నమ్మకండి. 2024లో మొదలైన ఈ కేంద్ర పథకాన్ని 2026-27 దాకా అనుకునే తెచ్చారు.