శివారు కాలనీలో ఇల్లు: కొనే ముందు ఏడాది అద్దెకుండి చూడండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. నాలుగేళ్ల పాప ఉంది. ఆఫీసులకు దగ్గర్లో అద్దెకుంటున్నాం. శివారులో కొత్తగా కట్టిన ఒక కాలనీలో ఇల్లు చూశాం, బాగా నచ్చింది. ఆదివారం వెళ్తే 35 నిమిషాల్లో చేరాం. దాచుకున్నదంతా డౌన్ పేమెంట్‌కు పోతుంది. మిగతాది 20 ఏళ్ల హోమ్ లోన్. ఈఎంఐ ఇద్దరి జీతంలో 45 శాతం. అద్దె కట్టే డబ్బేదో సొంతింటికే కడదామంటారు మా వారు. నాకేమో భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయానికి కారణం ఉందండి, దాన్ని కొట్టిపారేయకండి. ఇల్లే వద్దని నేను చెప్పను. కానీ ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. అదే కాలనీలో ఏడాది అద్దెకుండి చూడండి.

ముందు మీ వారి మాట గురించి. 8 శాతం వడ్డీ అనుకుందాం. 20 ఏళ్లకు 100 అప్పు తీసుకుంటే మొత్తం 200 పైనే కడతారు. మొదటి ఈఎంఐలో దాదాపు 80 శాతం వడ్డీకే పోతుంది. ఒక్క నెల కూడా తప్పకుండా ఐదేళ్లు కడితే మీ చేతి నుంచి 50 వెళ్తుంది, అసలు మాత్రం ఇంకా 87 మిగిలే ఉంటుంది. అద్దెలాగే ఆ వడ్డీ కూడా తిరిగిరాని డబ్బే. అందుకే ఈఎంఐని పక్కన పెట్టి, మొదటి ఏడాది వడ్డీ, మెయింటెనెన్స్, ఆస్తిపన్ను, రిపేర్లు కలిపి చూడండి. డౌన్ పేమెంట్‌గా ఇచ్చేస్తున్న డబ్బు మీద రావాల్సిన రాబడినీ అందులో వేయండి. ఆ మొత్తాన్ని అదే కాలనీలో అలాంటి ఇంటికి ఏడాది అద్దెతో పోల్చండి. ఇంటి ధర ఏడాది అద్దెకు 40 రెట్లుందంటే, అద్దె ధరలో 2.5 శాతమే అన్నమాట. మీరేమో 8 శాతానికి అప్పు చేస్తున్నారు. ధరలు బాగా పెరిగితే తప్ప ఆ తేడా పూడదు. 20 రెట్ల దగ్గరుంటే సంగతి వేరు, అప్పుడు కొనే వైపే మొగ్గుతాను.

ఇక ఆ 35 నిమిషాలు. అది ఆదివారం లెక్క. సోమవారం ఉదయం 8 గంటలకు ఆ కాలనీ గేటు దగ్గర బయల్దేరి ఆఫీసుకు వెళ్లండి, సాయంత్రం తిరిగి అక్కడికే రండి. ఇప్పటికంటే ఒక్కో వైపు గంట ఎక్కువ పడితే, నెలకు 22 పనిరోజుల చొప్పున ఏడాదికి 528 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 22 రోజులు రోడ్డు మీదే. మీ ఇద్దరిదీ కలిపితే 44. పాప స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? మనిషిని పెట్టుకోవాల్సి వచ్చినా, రెండో బండి కొనాల్సి వచ్చినా, ఆ ఖర్చు ఇంటి ఖర్చే.

ఇంకో పని కూడా చేయండి. మామూలు రోజున రాత్రి తొమ్మిదికి వెళ్లి, వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టండి. మీలాగే అడిగిన ఒక కుటుంబంతో నేను అలా వెళ్లాను. 60 ఇళ్ల బ్లాకులో 11 ఇళ్లలో లైట్లున్నాయి. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు లేవు. లిఫ్టు పక్కన మెయింటెనెన్స్ కట్టనివాళ్ల జాబితా అంటించి ఉంది, రెండు కాగితాలు. లిఫ్టు, జనరేటర్, సెక్యూరిటీ ఖర్చు ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తగ్గదు. కట్టేవాళ్ల మీదే పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, బిల్డర్ దగ్గర అమ్ముడుపోని ఇళ్లు ఉన్నంతకాలం మీ ఇల్లు అమ్మడం కష్టం. కొనేవాళ్లు కొత్తదాని వైపే చూస్తారు, ఆఫర్లు కూడా వాళ్లకే ఉంటాయి. కార్పస్ ఫండ్ (ముందుముందు పెద్ద ఖర్చుల కోసం ఇళ్లు కొన్నవాళ్ల దగ్గర తీసుకునే ఉమ్మడి డబ్బు) ఎంతుంది, ఎవరి ఖాతాలో ఉంది, ఇళ్లవాళ్ల అసోసియేషన్‌కు అప్పగించారా అని గట్టిగా అడగండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా తెలుసుకోండి. కాగితాలు మీ తరఫు లాయర్ చూడాలి, బిల్డర్ చూపించిన లాయర్ కాదు.

దాచుకున్నదంతా పెట్టేస్తామన్నారే, నాకు అసలు టెన్షన్ అక్కడే. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం మూడు నెలలు ఆగినా ఈఎంఐ ఆగదు. ఈఎంఐతో సహా ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలి, దాన్ని డౌన్ పేమెంట్‌లో కలపకండి.

అందుకే ఈ ఏడాదిని రిహార్సల్ చేసుకోండి. ఈఎంఐ, మెయింటెనెన్స్ కలిపి ఎంతవుతుందో అందులోంచి అద్దె తీసేసి, మిగిలింది జీతం పడిన రోజే వేరే ఖాతాలో వేయండి. నాలుగో నెలకే దాన్ని ముట్టుకోవాల్సి వస్తే, ఆ అప్పు మీకు బరువని తెలిసిపోతుంది. ముట్టుకోకుండా గడిస్తే ఏడాది చివరికి ఆ డబ్బు డౌన్ పేమెంట్‌కు కలుస్తుంది, తీసుకోవాల్సిన అప్పు తగ్గుతుంది.

ఈలోగా ధర పెరిగితే ఎలా అని మీ వారు అడుగుతారు. పెరగొచ్చు. కొన్నాక నచ్చక అమ్మాల్సి వస్తే రిజిస్ట్రేషన్, బ్రోకరేజీ ఖర్చులతో పాటు నెలల తరబడి ఎదురుచూపు కూడా ఉంటుంది. ఆ నష్టాన్నీ, ఏడాదిలో పెరిగే ధరనూ పక్కపక్కన పెట్టి చూడమనండి.

ఏడాది తర్వాత కూడా అక్కడే ఉండాలనిపిస్తే, ఈఎంఐ జీతంలో 35 శాతం దగ్గరకు వస్తే, ఆరు నెలల డబ్బు విడిగా ఉంటే కొనండి. ఏ బ్లాకులో పై అంతస్తుకు నీళ్లు సరిగా ఎక్కుతాయో, ఏ వైపు రోడ్డు శబ్దం వస్తుందో అప్పటికి మీకే తెలుస్తుంది.